తెలివైనోడికి రఫ్ ఎందుకు

పదో క్లాసు ప్రీఫైనల్ లెక్కల పేపర్లు ఇచ్చిన రోజు వెంకటేష్ సార్ ముందుగా రెండు పేర్లు చదివాడు. హరినాథ్, నూటికి తొంభై ఏడు. సుమయ్య, అంటే నేను, నూటికి తొంభై ఏడు. హరినాథ్‌కు క్లాసు చేత చప్పట్లు కొట్టించాడు. నన్ను నిలబడమన్నాడు.

నాకూ కొట్టిస్తాడనుకుని నవ్వుతూ లేచాను. రెండేళ్లయింది. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"ఎవరిది చూసి రాసినావు?" అన్నాడు సార్.

నాకు అర్థం కాలేదు. "ఏంది సార్?"

"ఆకు బొమ్మ లెక్క. ఎవరిది చూసి రాసినావు?"

ఆ లెక్క ఇది. ఒక చదరం. దాని పక్కపక్క భుజాల మీద, లోపలి వైపుకు, రెండు అర్ధవృత్తాలు గీసి ఉంటాయి. అవి ఒకదాని మీద ఒకటి పడిన చోట ఆకులాంటి ఆకారం వస్తుంది. ఆ ఆకును వదిలేసి, రెండు అర్ధవృత్తాల్లో మిగిలిన భాగం వైశాల్యం చెప్పాలి. సార్ నేర్పిన పద్ధతిలో అయితే పేజీ నిండా కూడికలూ తీసివేతలూ. పరీక్షలో నేను ఆ బొమ్మ వంక చూస్తూ కూర్చుంటే, అర్ధవృత్తాల చివర్లలో ఉబ్బుగా ఉన్న రెండు ముక్కలు, ఆకును నిలువునా చీలిస్తే వచ్చే రెండు సగాల్లాగే కనపడ్డాయి. వాటిని తీసి ఆకులో పెడితే అతికినట్టు సరిపోతాయి. అప్పుడు అయ్యేది ఒక త్రిభుజం, చదరంలో సరిగ్గా సగం. బొమ్మలో రెండు బాణాలు వేసి, కింద ఒక్క లైను రాసి వచ్చాను. ఆ రోజు ఇంటికి ఎగురుకుంటూ పోయాను.

"నేను ఎవర్దీ చూళ్ళేదు సార్."

"హరినాథ్ పేపర్లో ఉండే బొమ్మే నీ పేపర్లో ఉండాది. అవే బాణాలు, అదే లైను. ఇన్నేళ్ళుగా ఈ లెక్క చెప్తా ఉండా, ఇట్టా చేసినోళ్ళను నేను చూళ్ళా. ఒకే రోజు ఇద్దరికి తట్టిందంటావా?"

హరినాథ్ పరీక్షలో నా వెనక బెంచీలో కూర్చున్నాడు. అప్పటికి గానీ నాకు వెలగలేదు. తల తిప్పి చూశాను. అతను పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

"సార్, నా పేపర్లో పక్కన రఫ్ ఉండాది. ముందు తప్పు బొమ్మలేసి కొట్టేసినా. హరినాథ్ పేపర్లో రఫ్ ఉండాదేమో చూడండి."

సార్ చూడలేదు. నవ్వాడు. "తెలివైనోడికి రఫ్ ఎందుకమ్మా?"

క్లాసంతా నవ్వింది. నా పక్కన కూర్చునే రోజా కూడా నవ్వింది.

వెంకటేష్ సార్ చెడ్డవాడని చెప్పి ఊరుకుంటే నాకే సుఖంగా ఉండేది. కాదు. పాఠం బాగా చెప్పేవాడు. రాని పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఓపికగా చెప్పేవాడు. కానీ కొత్త లెక్క ఏది బోర్డు మీద వేసినా మగపిల్లల వైపు తిరిగి "ఎవరు పట్టుకుంటారో చూద్దాం" అనేవాడు. సిద్ధాంతం అప్పజెప్పాల్సి వచ్చినప్పుడు మా వైపు తిరిగేవాడు. మా నోట్సులు ఎత్తి చూపించి, "చూడండ్రా, ఆడపిల్లలు ఎంత నీట్‌గా రాసినారో" అని మెచ్చుకునేవాడు. ఆరో క్లాసు నుంచీ ఆ మెచ్చుకోలుకు మురిసిపోయాం మేమంతా.

మర్నాడు మా అమ్మానాయనలను పిలిపించారు.

మా నాయన అమీర్ బాషాకు జువ్వలదిన్నె రేవుకు పోయే రోడ్డు మొదట్లో పరుపుల అంగడి. దూది ఏకి పరుపులు కుడతాడు. పరుపు గుడ్డలూ దిండు గలీబులూ మా అమ్మ మెహబూబున్నీసా మిషను మీద కుడుతుంది. మా స్కూలుకు హాస్టలు ఉంది. జూన్‌లో చేరబోయే పిల్లల కోసం పరుపులు, దిండ్లు మొత్తం నాయన చేతికే ఇచ్చారు ఆ ఏడు. నీలం గీతల గుడ్డ తానులు అప్పటికే అంగడిలో దిగాయి. అందుకని నాయన ఉతికిన చొక్కా వేసుకుని, కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. చెవి వెనక దూది పోగు అట్లాగే ఉంది.

కరస్పాండెంట్ ఆనందకుమారి మేడం మాకు మజ్జిగ తెప్పించింది. మాట కూడా మెత్తగానే మాట్లాడింది.

"అమీర్ బాషా, మేం ఆడపిల్లల్ని తక్కువ చేసేవాళ్ళం కాదు. నేను ఆడదాన్నే గదా. కానీ ఉన్న మాట చెప్పుకోవాల. తెలుగు, సోషల్, బయాలజీ, ఏదైనా సరే, మన ఆడపిల్లలు కూర్చుని చదివితే వాళ్ళ ముందు ఎవురూ ఆగలేరు. లెక్కలు అట్టా కాదు. మా ఇంట్లోనే చూస్తా ఉండా. మావాడు ఇట్టా చూసి అట్టా చెప్పేస్తాడు. మా అమ్మాయికి మూడుసార్లు చెప్పాల. దేవుడు అట్టా పెట్టినాడు, ఏం జేస్తాం?"

అని నవ్వింది. "నాకూ లెక్కలంటే భయమేలే."

నాయన కూడా నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

"మేడం, ఆ పిల్లోడు మా పిల్ల ఎనక కూర్చున్నాడంట. ఎనకోళ్ళు ముందరోళ్ళది చూస్తారా, ముందరోళ్ళు ఎనకోళ్ళది చూస్తారా?"

వెంకటేష్ సార్ అందుకున్నాడు. "అది తేల్చడానికే గదమ్మా, మళ్ళీ టెస్టు పెడదామనేది."

"ఆ పిల్లోడికీ పెడతారా?"

"అతనికెందుకమ్మా? ఆరో క్లాసు నుంచీ ఫస్టు."

"అయితే మా పిల్లకు మాత్రం ఎందుకు?"

"నువ్వు గమ్మునుండు మే," అన్నాడు నాయన అమ్మతో. తర్వాత నా వైపు తిరిగి, "పోయి రాసిరా. నీకొచ్చు గదా, భయమేంది?" అన్నాడు.

నాకు భయం లేదు. అది ఎవరికీ అర్థం కాలేదు. నాకు వచ్చింది భయం కాదు. కళ్ళలో నీళ్ళు తిరిగేది భయానికి ఒక్కదానికే అనుకుంటారు పెద్దవాళ్ళు.

పక్క గదిలో నాకు అయిదు లెక్కలు ఇచ్చారు. సార్ నా తల మీద నిలబడ్డాడు. కాలిక్యులేటర్ ఏమైనా ఉందేమోనని ఆయా చేత నా చున్నీ దులిపించారు. అయిదూ చేశాను. కోపంతో చేసినందుకేమో, ఎప్పుడూ లేనంత తొందరగా చేశాను. సార్ ఎర్ర పెన్నుతో ఒక్కొక్కటే దిద్దాడు. ఎక్కడా ఆగలేదు. చివరికి పేపరు తీసుకెళ్లి మేడం ముందు పెట్టి, "రాసింది," అన్నాడు. ఆ ఒక్క మాటే.

అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు హరినాథ్‌ను పిలుస్తారనుకున్నాను.

మేడం పేపరు తిప్పి చూసి, "చూసినావా, పిల్లకు సబ్జెక్టు వచ్చు. ఆ రోజు పరీక్షలో టెన్షన్ పడి చూసుంటాది," అంది. "పోనీలే అమీర్ బాషా. ఈసారికి వదిలేస్తా ఉండాం. ఆ లెక్క మార్కులు ఒక్కటీ తీసేస్తాం, అంతే. ఇంకో మాట, మీ పిల్ల ఉండే స్టార్ బ్యాచ్ స్టడీ అవర్లు రాత్రి ఎనిమిది దాకా ఉంటాయి. మగపిల్లల మధ్య ఆడపిల్ల ఎందుకులే, రేపటి నుంచి బీ సెక్షన్లో కూర్చోమను. సాయంత్రం ఇంటికాడ చదువుకుంటాది."

నాయన కుర్చీలోంచి లేచాడు. రెండు చేతులూ జోడించాడు. "మీ దయ మేడం."

చేయని తప్పుకు నాకు క్షమాభిక్ష దొరికింది. దానికి మా నాయన దణ్ణం పెట్టాడు.

ఆ సాయంత్రం హరినాథ్‌ను స్కూలు బస్సు దగ్గర పట్టుకున్నాను. వాళ్ళది లోపలి పల్లె, వరి సాగు చేసుకునే కుటుంబం. నెమ్మదైన పిల్లవాడే. ఎవరినీ ఒక మాట అనేవాడు కాదు. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, నన్ను చూసి దిగాడు.

"నా పేపరు చూసింది నువ్వు," అన్నాను.

"అవును," అన్నాడు.

కాదంటాడని, పోట్లాడదామని సిద్ధపడి వచ్చాను.

"మరి సార్‌కు చెప్పలేదేం?"

"నన్నెవరూ అడగలా."

"అడిగితే చెప్తావా?"

డ్రైవరు హారన్ కొట్టాడు. హరినాథ్ బ్యాగు సర్దుకున్నాడు. "మా నాయన సంగతి నీకు తెలీదు సుమయ్యా. తెలిస్తే చంపేస్తాడు. నీకేముంది, వదిలేసినారు గదా."

బస్సు కదిలింది. నేను దాని వెనక టైరును తన్నాను. కాలి గోరు లేచి, చెప్పులో రక్తం. ఇంటికి కుంటుతూ పోతుంటే నొప్పి కన్నా ఆ మాటే పదేపదే తగిలింది. నీకేముంది.

ఇంటికి పోయేసరికి అమ్మ మిషను ముందు కూర్చుని ఉంది. హాస్టలు గుడ్డ తాను విప్పి, కొలత చూసి, కత్తిరించబోయి ఆగింది. తర్వాత దాన్ని చుట్టి, గోడ పక్కన నిలబెట్టింది.

"ఇది నేను కుట్టను," అంది నాయనతో.

నాయన దూది దులుపుకుంటూ వచ్చాడు. "ఏంది మే, తమాషాగా ఉండాదా? రంజాన్ వస్తా ఉండాది. ఇంత పెద్ద పని మళ్ళీ యాడ దొరుకుతాది?"

"దొరక్కపోతే పోనీ."

"పిల్లనేం చెయ్యలేదు గదా? కొట్టినారా, తిట్టినారా? వదిలేసినారు."

"ఏం చేసిందని వదిలేసినారు?"

నాయన ఆ మాట దాటేశాడు. "హాల్‌టికెట్ వాళ్ళ చేతిలో ఉండాది. ఈ పరిస్థితిలో ఎదురు తిరిగితే పిల్ల ఏడాది పోతాది. నేను చేతులు జోడించింది నా కోసమా?"

"నువ్వు జోడించినావు. నేను జోడించలా," అంది అమ్మ.

ఆ తర్వాత వాళ్ళు మాట్లాడుకోలేదు. నేను నాయనతో మాట్లాడలేదు. ఇంట్లో ముగ్గురం ఉండి ఎవరి కంచం వాళ్ళు కడుక్కుని లేచేవాళ్ళం. నాయన అమ్మ మిషను మీద తానే కూర్చుని గలీబులు కుట్టబోయాడు. ఆయనకు దబ్బనంతో పరుపు కుట్టడం వచ్చుగానీ మిషను రాదు. దారం చిక్కుపడేది, సూది విరిగేది. కుట్టు పాములాగా వంకర్లు పోయేది. గడప మీద కూర్చుని నేను చూస్తూ ఉండేదాన్ని. సాయం చెయ్యాలనిపించలేదు. నిజం చెప్పాలంటే సూది విరిగిన ప్రతిసారీ నాకు చల్లగా ఉండేది.

బీ సెక్షన్లో లెక్కలు లేవు. పాస్ ప్రశ్నలని కొన్ని ఇచ్చి, వాటినే రాయించేవాళ్ళు. ఆ గదిలో ఎక్కువమంది ఆడపిల్లలే. "ఇవి వస్తే ముప్పై అయిదు గ్యారంటీ," అని చెప్పేది టీచరు. ఒకరోజు నేను స్టార్ బ్యాచ్ పేపరులోని లెక్క అడిగితే, "అవి నీకెందుకమ్మా, కన్ఫ్యూజ్ అవుతావు," అంది. పక్క గదిలోంచి వెంకటేష్ సార్ గొంతు వినపడేది. "ఎవరు పట్టుకుంటారో చూద్దాం." గోడకు అవతల లెక్క ఏమిటో తెలియక, చెవులు రిక్కించి, మాటల్ని బట్టి బొమ్మ గీసుకునేదాన్ని.

రంజాన్ నెల మొదలైన వారంలో ఒక మధ్యాహ్నం నాయన అంగడిలోంచి పిలిచాడు. నేను పలకలేదు. మళ్ళీ పిలిచాడు.

"సుమయ్యా, ఏంది ఆ లెక్క? నాకు చూపీ."

నేను అక్కడే నిలబడిపోయాను. గొడవ మొదలైన నాటి నుంచి ఆ లెక్క ఎట్లా చేశావని ఒక్కరు కూడా నన్ను అడగలేదు. ఎవరిది చూశావనే అడిగారు.

మిగిలిపోయిన గుడ్డ ముక్క ఒకటి తీసుకుని, చాక్‌తో చదరం గీశాను. సరిపడే పళ్ళెం ఒకటి బోర్లించి, దాని అంచు వెంట అర్ధవృత్తాలు గీశాను. ఆకు ఏదో, ఉబ్బు ముక్కలు ఏవో చూపించాను. నాయనకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆయన ఇంకో గుడ్డ మీద అదే బొమ్మ గీసి, ఉబ్బు ముక్కలు రెండూ కత్తిరించి, తీసుకొచ్చి ఆకు మీద పెట్టాడు. ఒకటి తిప్పి పెట్టాడు. సరిపోయింది. రెండోదీ సరిపోయింది.

"సగం," అన్నాడు.

"ఆఁ. సగం."

నాయన ఆ ముక్కల మీద అరచెయ్యి ఆనించి అట్లాగే కూర్చున్నాడు. చెమట పట్టిన ముఖం మీద దూది అంటుకుని ఉంది. నా వైపు చూడలేదు. లేచి, గోడ పక్కన ఉన్న తానులు ఒక్కొక్కటే మోసుకొచ్చి, టీవీఎస్ బండి మీద కట్టాడు. తాను కుట్టిన వంకర గలీబులు కూడా పైన పెట్టాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూస్తూ నిలబడింది.

పొద్దు వాలాక ఒట్టి బండితో వచ్చాడు. అమ్మ ఇఫ్తారుకు ఖర్జూరాలు పెడుతోంది. నాయన చేతులు కడుక్కుని కూర్చుని, "వేరేవాళ్ళకు ఇచ్చుకోమన్నా," అన్నాడు. అమ్మ గంజి గ్లాసు ఆయన ముందుకు జరిపింది. మా ఇంట్లో మాటలు మళ్ళీ మొదలైంది అప్పుడే.

ఆ నెలంతా నాయన దిండ్లు బండికి కట్టుకుని మత్స్యకారుల ఊళ్ళు తిరిగాడు. జువ్వలదిన్నె అయ్యాక ఇంకా దక్షిణానికి, వాకాడు దాకా పోయేవాడు. ఎండలో, ఉపవాసంతో. ఒక్కోరోజు కట్టిన దిండ్లు కట్టినట్టే తిరిగి వచ్చేవి. నేను అంగడిలో దూది మూటల మధ్య కూర్చుని చదివాను. నేర్పేవాళ్ళు లేరు. రానివి ఫోన్‌లో వెతికి చూశాను. అర్థం కానప్పుడు పుస్తకం విసిరికొట్టాను, మళ్ళీ లేచి తెచ్చుకున్నాను. నాకు లెక్కలంటే ఇష్టం. ఆ నెలలో మాత్రం ఇష్టంతో చదవలేదు. పళ్ళు కొరుక్కుంటూ చదివాను. నా ఇష్టాన్ని కూడా వాళ్ళు పాడుచేశారు కదా అని ఇంకా కోపం వచ్చేది.

లెక్కల పరీక్ష రోజు కూడా ఉపవాసం ఉన్నాను. అమ్మ వద్దంది, పరీక్ష ముఖ్యం, తర్వాత తీర్చుకోవచ్చు అంది. నేను వినలేదు. నాయన బండి మీద సెంటరుకు తీసుకెళ్లాడు. గేటు దగ్గర వెంకటేష్ సార్ స్టార్ బ్యాచ్ పిల్లలకు గ్లూకోజ్ నీళ్ళు ఇస్తూ భుజాలు తడుతున్నాడు. నన్ను చూసి, "బాగా రాయమ్మా, కంగారు పడొద్దు," అన్నాడు. నేను తల ఊపలేదు.

గొంతు ఎండిపోతుండగా రాశాను. ప్రతి లెక్కకూ పక్కన రఫ్ చేశాను. అవసరం లేనిచోట కూడా చేశాను. తప్పుపోయిన దారులు కూడా కొట్టేసి అట్లాగే ఉంచాను, చదవడానికి వీలుగా, ఒక్క గీతతో. ఆ పేపరు దిద్దే మనిషి ఎవరో నాకు తెలియదు. ఆ మనిషికి నా పేరు తెలియదు, నేను ఆడో మగో తెలియదు. నా బడి జీవితం మొత్తంలో నాకు దక్కిన న్యాయం అదొక్కటే.

ఏప్రిల్ చివర ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో నాకు నూటికి నూరు. హరినాథ్‌కూ నూటికి నూరు. అది అతను సొంతంగా తెచ్చుకున్నదే. వేరే గదిలో కూర్చున్నాడు, చూసే వీలు లేదు. నాకు ఆ నూరు మీద ఏ కోపమూ లేదు.

అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. నాయన రోడ్డు మీద పోయేవాళ్ళను పిలిచి మరీ చెప్పాడు. ఆనందకుమారి మేడం ఫోన్ చేసి, "మన సుమయ్య మన స్కూలు పేరు నిలబెట్టింది," అంది. తమ జూనియర్ కాలేజీలో ఫీజు లేకుండా సీటు ఇస్తామంది. మన సుమయ్య. ఆ మాటకు నాయన ఫోన్ నాకిచ్చేశాడు. నేను కట్ చేశాను.

మూడు రోజుల తర్వాత అమ్మా నేనూ బజారుకు పోతే, బస్టాండు ఎదురుగా గోడ పొడుగునా స్కూలు ఫ్లెక్సీ. పిల్లల ఫోటోలు వరసగా ఉన్నాయి. మధ్యలో రెండు పెద్దవి, హరినాథ్‌దీ నాదీ. ఇద్దరి పక్కనా పసుపురంగులో నూరు. హరినాథ్ ఫోటో కింద "గణిత మేధావి" అని రాశారు. నా ఫోటో కింద "నిరంతర కృషికి నిదర్శనం" అని రాశారు.

రెండుసార్లు చదివాను. నూరుకు నూరే. అతనికి బుర్ర. నాకు ఓపిక.

"ఏంది మే, మొఖం అట్టా పెట్టినావు?" అంది అమ్మ. ఆమెకు చదవడం వచ్చు గానీ కొంచెం నిదానం. పెదాలు కదుపుతూ చదివింది. ఒకటి, తర్వాత రెండోది. మళ్ళీ మొదటిది. పక్కనున్న ఫ్యాన్సీ అంగడిలోకి పోయి, బ్లేడు కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టింది. టీ బంకు వాళ్ళ స్టూలు అడిగి తెచ్చి గోడకు ఆనించింది.

నేను ఎక్కాను. అమ్మ రెండు చేతులతో స్టూలు పట్టుకుంది. పట్టపగలు, బస్సుల కోసం జనం నిలబడి ఉన్నారు. ఆటో స్టాండులోంచి పోలేరయ్య తాత వచ్చాడు, చిన్నప్పటి నుంచీ మమ్మల్ని ఎరిగినవాడు.

"ఏందమ్మా, నీ ఫోటో నువ్వే కోసుకుంటా ఉండావు? మంచిగానే ఉండాది గదా?"

"ఫోటో మంచిగానే ఉండాది తాతా. కింద రాసిందే తప్పు."

నా ఫోటో జోలికి పోలేదు. మార్కుల జోలికి పోలేదు. కింద ఉన్న ఆ అక్షరాలు మాత్రం పొడుగ్గా పట్టీలాగా కోసి తీసేశాను. హరినాథ్ ఫోటో కింద ఉన్నది కూడా కొయ్యాలని చెయ్యి లాగింది. అది అతను రాయించుకున్నది కాదని దిగేశాను. ఎవరో ఫోన్‌లో తీశారు. సాయంత్రానికి ఊరంతా చూసింది. పొగరు అన్నారు. మార్కులొస్తే కళ్ళు నెత్తికెక్కుతాయి అన్నారు. రోజా మాత్రం ఫోన్ చేసి, "ఆ రోజు నేనూ నవ్వినా గదే," అని పెట్టేసింది.

మే నెలలో ఒక ఆదివారం వెంకటేష్ సార్ మా అంగడికి వచ్చాడు. ఫ్లెక్సీ గురించి తిట్టడానికేమో అనుకున్నాం. నాయన కుర్చీ వేశాడు. ఈసారి తానూ ఇంకో కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. అమ్మ టీ పెట్టడానికి లోపలికి పోయింది.

"ఏ గ్రూపులో చేరతావమ్మా?" అన్నాడు సార్.

"ఎంపీసీ. గవర్నమెంటు కాలేజీలో."

"మంచిది, మంచిది." చేతులు రుద్దుకున్నాడు. పరుపుల వంక చూశాడు. ఏదో చెప్పడానికే వచ్చాడని తెలుస్తూనే ఉంది. తప్పయిపోయింది అంటాడేమో, అంటే నేనేం చెప్పాలి అని ఆలోచిస్తున్నాను. ఒక్క క్షణం నాకు ఆయన మీద జాలి కూడా కలిగింది.

ముందుకు వంగి, గొంతు తగ్గించాడు. "ఒక్క మాట అడుగుతా. ఎవరికీ చెప్పనులే, అయిపోయిందే గదా. ఆ రోజు ఆ ఆకు లెక్క, నిజంగా నీ అంతట నువ్వే చేసినావా?"

అమ్మ టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆ మాట విని అక్కడే ఆగింది.

అవునని ఎన్నిసార్లు చెప్పాలి? క్లాసులో నిలబడి చెప్పాను. పక్క గదిలో కూర్చుని అయిదు లెక్కలు చేసి చెప్పాను. నూటికి నూరు తెచ్చి చెప్పాను. ఇంకా అడుగుతున్నాడు. ఎంతో దయగా అడుగుతున్నాడు.

"సార్," అన్నాడు నాయన. "ఈ మాట ఆ పిల్లోడిని అడిగినారా?"

"ఎవర్ని? హరినాథ్‌నా?"

"ఆఁ."

సార్ నాయన వంక చూశాడు, నా వంక చూశాడు. "లేదు," అన్నాడు.

"అడిగి రండి సార్," అన్నాడు నాయన, గొంతు పెంచకుండా. "మేం ఈడే ఉంటాం."

సార్ లేచి, చెప్పులు వేసుకుని, బండి స్టార్ట్ చేశాడు. హరినాథ్ వాళ్ళ పల్లెకు పోయే దోవ ఎడమ వైపు. సార్ కుడి వైపుకు తిప్పుకుని ఇంటికి పోయాడు.

ఆయన కోసం పెట్టిన టీ అమ్మ నాకిచ్చింది. కాలుతుండగానే తాగేశాను.